ఎస్తేరమ్మ గారి సుద్దముక్క

పెయింటర్ శ్రీను డబ్బా మూత తీయగానే హాలంతా కొత్త రంగు వాసన నిండింది. నాకు ఆ వాసన పడదు. పాతికేళ్ళుగా ఇళ్ళు అమ్మిపెట్టే పనిలో ఉన్నదాన్ని కదా, ఆ వాసన తగిలితే చాలు, ఈ ఇంట్లో ఏం కప్పిపెడుతున్నారా అని కళ్ళు గోడల వెంట తిరుగుతాయి. కాకపోతే ఈసారి ఇల్లు ఎవరిదో కాదు, మాదే. కప్పిపెట్టాల్సింది ఏమిటో నాకు వెతక్కుండానే తెలుసు. హాలు గోడలకి నా గుండెల ఎత్తున, టీ మరక రంగులో ఒక గీత చుట్టూతా ఉంటుంది. రెండేళ్ళ కిందట వాగు పొంగి మా కాలనీలోకి వచ్చిన నీళ్ళు మూడు రోజులు నిలబడి, పోతూ పోతూ గీసిన గీత అది. రెండుసార్లు కడిగించాం, ఒకసారి వెల్ల వేయించాం. ఎండలు ముదిరేసరికి మళ్ళీ తేలింది.

"ఏం పర్లేదు మేడం," అన్నాడు శ్రీను. "పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు వేశామంటే దేవుడికి కూడా కనపడదండి. ఈ వీధిలో అన్నిళ్ళకీ నేనే వేశాను."

అతని మాట నిజమే. మా వీధిలో గీత కనబడే ఇల్లు మాదొక్కటే మిగిలింది. మావారికి గన్నవరం దగ్గర గోదాములో ఉద్యోగం. అక్కడ మూడో అంతస్తులో ఒక ఫ్లాట్ చూసి అడ్వాన్సు ఇచ్చాం. మూడు నెలల్లో మిగతాది కట్టకపోతే ఆ ఫ్లాట్ చేజారిపోతుంది. ఈ ఇంటికి డెబ్బై లక్షలు వస్తే ఫ్లాట్ మాదవుతుంది. గీత కనబడితే డెబ్బై రాదు. ఇంతకంటే సులువైన లెక్క లేదు. అయినా శ్రీనుతో, "ఇవాళ సీలింగూ, తలుపులూ, గ్రిల్లూ కానివ్వు బాబూ. గోడల సంగతి తర్వాత చెప్తాను," అన్నాను. చెప్పి, పర్సులో చెయ్యి పెట్టి చిన్న రేకు డబ్బా తడుముకున్నాను. అందులో సుద్దముక్కలుంటాయి. నావి కావు, ఎస్తేరమ్మ గారివి.

ఆవిడ ఆఫీసు గవర్నర్‌పేటలో, స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు మీద గది. కింద బిందెలూ పళ్ళేలూ దించుతుంటే పైన మేం మాట్లాడుకునేది మాకే వినబడేది కాదు. భర్త పోయాక, ఆయన చేసే ఇళ్ళ బ్రోకరు పనిని ఆవిడ అందుకున్నారు. పొట్టి మనిషి. తెల్లటి నేత చీర, నల్ల హ్యాండ్‌బ్యాగు, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. ఆదివారం పొద్దున చర్చి అయ్యేదాకా ఏ పార్టీకీ ఇల్లు చూపించేవారు కాదు. ఉద్యోగస్తులకి ఇళ్ళు చూడ్డానికి ఖాళీ దొరికేదే ఆదివారం పొద్దున. ఆ పట్టింపు వల్ల ఎన్ని బేరాలు పోయాయో లెక్కలేదు. పోతే పోనీ అనేవారు. ఆటోవాడి దగ్గర ఐదు రూపాయలకి పావుగంట వాదించే మనిషికి, బేరాలు పోతే మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

నేను ఉద్యోగం కోసం ఆ మెట్లెక్కినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చేతిలో టైపింగు సర్టిఫికెట్టు తప్ప ఇంకేం లేదు. ఆవిడ ఆ సర్టిఫికెట్టు వైపు చూడనైనా చూడలేదు.

"మీవాళ్ళేం చేస్తారమ్మాయ్?"

"బిజినెస్సండి."

"ఏం బిజినెస్సు?"

నాకు మొహం వేడెక్కింది. "చేపలండి. మా అమ్మ బందరు మార్కెట్లో అమ్ముతుందండి."

"ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా. మీ అమ్మ చేపని కొనేవాళ్ళకి ఎలా చూపిస్తుంది?"

"మొప్ప ఎత్తి చూపిస్తుందండి. ఎర్రగా ఉంటే తాజాదని."

"ఎర్రగా లేకపోతే?"

"అప్పుడూ ఎత్తే చూపిస్తుందండి. దాని రేటు వేరే ఉంటుంది."

ఎస్తేరమ్మ గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "రేపు తొమ్మిదింటికి వచ్చెయ్. ఇక్కడా అదే పని," అన్నారు. అప్పటిదాకా మా అమ్మ పని గురించి ఎవరడిగినా మాట మార్చేదాన్ని. ఆ పని తెలిసినందుకే ఉద్యోగం ఇచ్చిన మనిషిని మొదటిసారి చూశాను. బస్సులో బందరు చేరేదాకా నాలో నేనే నవ్వుకుంటూ వెళ్ళాను.

ఆవిడ పద్ధతేమిటో నాకు తెలిసింది పటమటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింట్లో. అమ్మకానికని ఆయన ఇల్లంతా లేత పసుపు రంగు వేయించి, గుమ్మానికి పూలదండ కూడా కట్టించి కూర్చున్నారు. ఎస్తేరమ్మ గారు గేటు దగ్గరే చెప్పులు విప్పి, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, బ్యాగులోంచి రేకు డబ్బా తీశారు. ఒక సుద్దముక్క పట్టుకుని గది గదీ తిరగడం మొదలుపెట్టారు. వేలి కణుపుతో గోడ మీద కొట్టి వింటారు, బోలుగా మోగిందా, అక్కడ ఒక గుండ్రం. కిటికీ చట్రానికి చెద పట్టిన చోట ఒక గుండ్రం. వదులైన స్విచ్చి బోర్డుకి చిన్నది. బాత్రూం వెనక గోడకి తడి ఉన్నచోట పళ్ళెమంత గుండ్రం. పూజగది గుమ్మం దగ్గర మాత్రం ఆగిపోయారు. "ఇందులోకి నువ్వెళ్ళి చూడు మణీ. నేను క్రిస్టియన్ని కదా, వద్దనలేక వాళ్ళు మొహమాటపడతారు," అని సుద్దముక్క నా చేతిలో పెట్టారు. నేను గీసిన మొదటి గుండ్రం ఆ పూజగదిలోనే, దీపం పొగకి నల్లబడి పెచ్చులూడుతున్న ఒక మూల.

లెక్చరర్ గారికి ఒళ్ళు మండింది. "ఏంటండీ ఇది? ఇల్లు అమ్మిపెట్టమంటే గోడలకి సున్నాలు చుడుతున్నారు! ముప్పయ్యేళ్ళు నేను పిల్లల పేపర్లకి చుట్టాను, నాకే చుడతారా?"

"మీరు చుడితే ఫెయిలయ్యేవాళ్ళు మాస్టారూ. నేను చుడితే పాసవుతారు," అన్నారు ఆవిడ. "చిన్నవి బాగు చేయించండి. చేయించినవి నేనే చెరుపుతాను. పెద్దవి అలా ఉండనివ్వండి."

"అలా ఉంచితే ఎవడు కొంటాడండీ?"

"చూసి కొనేవాడు కొంటాడండి. కొన్నాక చూసేవాడైతే రోజూ మీ గుమ్మం ముందే ఉంటాడు."

ఇల్లు సిద్ధం చేయించడంలో ఆవిడకి రంగు మీద కంటే నీళ్ళ మీద పట్టింపు. మేడ మీద ట్యాంకు కడిగించేవారు. కారే కుళాయి వాషర్లు మార్పించేవారు. మరుగుదొడ్డి తలుపు లోపలి గడియ సరిగ్గా పడుతుందో లేదో తనే వేసుకుని చూసేవారు. గోడల నిండా ఇరవై ఏళ్ళ క్యాలెండర్లు వేలాడిన మేకులుంటాయి, అవన్నీ పీకించి రంధ్రాలు పూడిపించేవారు. అటక మీద సామాను సగం దించించి అమ్మించేవారు, కొనేవాళ్ళు తలెత్తి చూస్తే చోటు కనబడాలి గానీ మూటలు కాదని. పార్టీ చూడ్డానికొచ్చే రోజు చేపల కూర వండొద్దని ప్రతి ఇంట్లోనూ చెప్పేవారు. చెబుతూ నావైపు తిరిగి, "నువ్వేమనుకోకు," అనేవారు. నేనూ ఏమీ అనుకునేదాన్ని కాదు, ఆవిడకి మా అమ్మ పంపే చందువా చేపలంటే ప్రాణం.

ధర కట్టడం ఇంకో తతంగం. ఆ వీధిలో ఇస్త్రీ బండి దగ్గరా, కిరాణా కొట్టు దగ్గరా గంట సేపు నిలబడేవారు. ఎవరైనా ఫలానా ఇల్లు అరవై అడుగుతున్నారంటే, "అడిగింది కాదు నాయనా, ఎంతకి తెగింది?" అనేవారు. నాలుగిళ్ళు తెగిన రేటు తెలిశాక, చివరికి గుండ్రాలన్నిటికీ ఎంత తగ్గించాలో లెక్కవేసి, ఒక చీటీ మీద అంకె రాసి మడిచి యజమానికి ఇచ్చేవారు. కొనేవాళ్ళకీ అదే చీటీ. దాని మీద బేరం లేదు. "లోపాలన్నీ నేనే తీసేశాను కదండీ, ఇక మీరు తీయడానికి ఏముంది?" అనేవారు. ఎప్పుడూ సరిగ్గానే కట్టారని అననుగానీ. ఒకసారి రోడ్డు వెడల్పయి రేట్లు పెరగబోతున్నాయన్న సంగతి తెలియక ఒకాయన ఇల్లు బాగా తక్కువకి తెగ్గొట్టారు. ఆయన ఆఫీసుకొచ్చి నానా మాటలూ అంటే, "తెలుసుకోకపోవడం నాదే తప్పండి," అని తలొంచుకు కూర్చున్నారు. మిగతా బ్రోకర్లు ఆవిడకి సుద్దమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకీ తెలుసు.

చేరిన మూడో ఏడు నేనొక పని చేశాను. కాలువ గట్టు పక్కన ఒక ఇల్లు. వెనక గదిలో తడి గుండ్రం చూసి నాలుగు పార్టీలు వెనక్కి వెళ్ళిపోయాయి. యజమాని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. ఎస్తేరమ్మ గారు జ్వరంతో రాలేకపోయిన రోజు కొత్త పార్టీ వస్తుంటే, నేను తడిగుడ్డతో ఆ గుండ్రం తుడిచేసి, బీరువా అక్కడికి జరిపించాను. కొత్తగా పెళ్ళయిన జంట, ఆ అమ్మాయికి ఐదో నెల. ఇల్లు నచ్చింది, కొనుక్కున్నారు. నా చేతిమీదుగా తెగిన మొదటి బేరం అదే, ఎంత సంబరపడ్డానో! వానలు మొదలైన వారానికి ఆ అబ్బాయి తడిసిన పరుపు ఆటోలో వేసుకుని ఆఫీసుకొచ్చాడు. గోడ పక్కనే మంచం వేసుకున్నారట.

"ఆ గుండ్రం ఏమైంది మణీ?" అని అడిగారు ఎస్తేరమ్మ గారు.

"నేనే తుడిచానండి."

తిట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని అదే ఆటోలో వాళ్ళింటికి వెళ్ళారు. డబ్బా తీసి, తడిసిన గోడ మీద, సరిగ్గా మునుపటి చోటే, మళ్ళీ గుండ్రం చుట్టారు. సుద్ద ఆ తడికి సరిగ్గా పడలేదు. "ఇది మేం ముందే చూశామమ్మా. మీకు చూపించలేదు. తప్పు మా ఆఫీసుది," అన్నారు ఆ అమ్మాయితో. కమీషను వెనక్కి ఇచ్చి, తాపీమేస్త్రీని పెట్టించి, గోడ బాగయ్యేదాకా మూడు రోజులు గొడుగేసుకుని అక్కడే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఒక దెబ్బ వేసినా బాగుండును అనిపించింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఏడుపు ఆపుకోలేక, "వాళ్ళు అడగలేదండీ. అడిగితే చెప్పేదాన్నే," అన్నాను.

"అడగాలంటే తెలియాలి కదమ్మా," అన్నారు. "తెలియనివాళ్ళు ఏమడుగుతారు?"

ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పై నెల నుంచి డబ్బా నా దగ్గరే ఉంచుకోమన్నారు.

వందల ఇళ్ళు అమ్మిపెట్టిన మనిషి చివరిదాకా పటమటలో అద్దె వాటాలోనే ఉన్నారు. ఆవిడ పోయి ఇప్పటికి మూడేళ్ళు. అంత్యక్రియలయ్యాక వాటా ఖాళీ చేయించడానికి నేనూ వెళ్ళాను. మంచం జరిపితే గోడ మీద గుండ్రం. గ్యాసు బండ వెనక గుండ్రం. క్యాలెండరు తీస్తే దాని కింద గుండ్రం. ఇంటి యజమాని లబోదిబోమన్నాడు. "ఈవిడేంటండీ, అద్దెకొచ్చేవాళ్ళు పారిపోయేట్టు గోడలన్నీ పాడుచేసి పోయింది!" నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తన తర్వాత ఆ వాటాలోకి దిగే మనిషెవరో ఆవిడకి తెలియదు. ఆ తెలియని మనిషి కోసం అన్నీ గుర్తుపెట్టి వెళ్ళారు.

శ్రీను సీలింగు వేసి వెళ్ళిన సాయంత్రమే కాలనీ సంఘం ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు మా ఇంటికొచ్చారు. మా పక్కిల్లే. ఆయనా ఇల్లు అమ్మకానికి పెట్టారు, డెబ్బై రెండు చెబుతున్నారు.

"శ్రీనుని గోడలు ఆపమన్నారంటగా అమ్మా? మీరొక్కళ్ళు ఆ గీత చూపిస్తే, పక్కనున్న మా గోడల కింద ఏముందో కొనేవాళ్ళకి తెలిసిపోదూ? మొత్తం వీధి రేటు పడిపోద్ది. మీరు వెళ్ళిపోతారు, మేం మునుగుతాం."

ఆయన మంచివాడు. ఆ వరదలో ఆయన మేడ మీదే మేం మూడు రోజులున్నాం, ఆయన భార్య వండిన ఉప్మాయే తిన్నాం. ఆయన వెళ్ళాక మావారు నెమ్మదిగా అన్నారు, "అబద్ధం చెప్పమని నేననను మణీ. ఎవరైనా అడిగితే నిజమే చెబుదాం. అడగకపోతే మనంతట మనం ఎందుకు చెప్పడం? ఆ ఫ్లాట్ పోతే మళ్ళీ అలాంటిది దొరకదు." నాకు ఒప్పేసుకుందామనే అనిపించింది. దాచడం ఎందుకు, ఆ రాత్రి అన్నం తింటూ, శ్రీనుకి ఫోన్ చేద్దామని రెండుసార్లు అనుకున్నాను కూడా.

చేయలేదు. శనివారం మధ్యాహ్నం డబ్బా తీసి, స్టూలు అవసరం లేకుండానే, గీత వెంబడే హాలు చుట్టూ సుద్దతో గీశాను. కాలనీలో తెగిన ఇళ్ళ రేట్లు నాకు తెలుసు, నీళ్ళకి ఎంత తీయాలో కూడా తెలుసు. చీటీ మీద అరవై ఒకటి అని రాసి మడిచాను. మావారు చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఆదివారం పదకొండింటికి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ఒక్కడే వచ్చాడు. తండ్రికి పక్షవాతమట, మెట్లు లేని ఇల్లు కావాలట, రెండు నెలలుగా తిరుగుతున్నాడట. గేటు నుంచి హాలు దాకా గుమ్మం ఎత్తు లేకపోవడం చూసి మొహం విప్పారింది. కిటికీలోంచి జామచెట్టు కనబడుతుంటే, "నాన్నగారి మంచం ఇక్కడ వేస్తే రోజంతా బయటికి చూసుకోవచ్చండి," అన్నాడు. జేబులో అడ్వాన్సు కూడా తెచ్చుకున్నానన్నాడు. మావారు నావైపు చూశారు.

"ఈ సుద్ద గీత చూడండి బాబూ," అన్నాను. "రెండేళ్ళ కిందట ఇక్కడిదాకా నీళ్ళొచ్చాయి."

అతను గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేత్తో నేల నుంచి మోకాలి ఎత్తు చూసుకున్నాడు. అది మంచం ఎత్తని నాకు వెంటనే అర్థమైంది. ఆ చేతిని అలాగే పైకి గీత దాకా తెచ్చాడు.

"ఎంతసేపట్లో వచ్చాయండీ?"

"గంటన్నర పట్టిందండి. వీధి చివర కనిపించినప్పటి నుంచి."

"నాన్నగారిని లేపాలంటే నలుగురు కావాలండి. పగలు ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది." కాసేపు జామచెట్టు వైపు చూశాడు. నేనిచ్చిన చీటీ విప్పకుండానే తిరిగి నా చేతిలో పెట్టాడు. గేటు దాకా వెళ్ళి ఆగి, పక్కింటికి కట్టిన అమ్మకం బోర్డు చూపించి, "ఈ ఇంట్లోకి కూడా వచ్చాయా అండీ?" అని అడిగాడు. కోటేశ్వరరావు గారు వరండాలో పేపరు పట్టుకుని కూర్చుని ఉన్నారు.

"మా ఇంటికీ వారింటికీ ఒకటే నేలండి," అన్నాను. పేపరు కదల్లేదు. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడరు. అది నాకు ఇప్పటికీ బాధే.

అతని స్కూటరు వీధి మలుపు తిరిగేదాకా మేమిద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం. లోపలికొచ్చాక మావారు జామచెట్టు కిటికీ దగ్గర, అతను నిలబడిన చోటే నిలబడి, మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి చూశారు. తర్వాత నావైపు తిరిగారు.

"అతను అడిగి ఉండేవాడు కాదు మణీ."

ఇల్లు రెండు నెలల తర్వాత ఆ అరవై ఒకటికే తెగింది. కొన్నవాళ్ళు పైన ఇంకో అంతస్తు వేసుకుని అక్కడే ఉంటామన్నారు. గన్నవరంలో ఆ ఫ్లాట్ మాకు దక్కలేదు. అడ్వాన్సులో సగం వెనక్కొచ్చింది. అక్కడే, అదే వీధిలో ఒక గది తక్కువున్న ఫ్లాట్ తీసుకున్నాం. మొదటి రోజే గోడలు తట్టి చూసుకుని తొమ్మిది గుండ్రాలు చుట్టాను. బాధ లేదని అనను, పెద్ద బాల్కనీ మీద ఆశపడ్డాను మరి.

అయితే ఇదంతా తలుచుకున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఇంకో ఆదివారం. బ్యాంకతను వచ్చి వెళ్ళిన వారానికి మరో పార్టీ వస్తానన్నారు. వాళ్ళొచ్చే ముందు చూస్తే, శ్రీను తలుపులకి రెండో కోటు వేస్తూ ఎక్కడ ఆనుకున్నాడో, గుమ్మం పక్కన సుద్ద గీత జానెడు మేర చెరిగిపోయి ఉంది. నేను వంటింట్లో చేతులు కడుక్కుని వచ్చేసరికి, మావారు నా పర్సులోంచి ఎస్తేరమ్మ గారి డబ్బా తీసి, చెరిగిన చోట గీత కలుపుతున్నారు.